సాధించిన సమత

శిష్యుడు: అయ్యా, 1962లో బల్గేరియాలోని వర్నాయందు జరిగిన చదరంగపు ఒలింపియాడ్‌లో, 51 ఏండ్ల జగజ్జేత బొట్విన్నిక్, 19 ఏండ్ల ఫిషర్ తలపడిన ఏకైక ఆట 68 ఎత్తుల పిమ్మట డ్రాగా ముగిసినదట. ఇరువురికిని చెరి అరపాయింటు దక్కుటకేనా అంత శ్రమ?

ఆచార్యుడు: నాయనా, ఫలమును పాయింట్లలో వెదకుటచేత నీకట్లు తోచుచున్నది, ఆట పుట్టినచోట చూడుము. నల్లపావులతో ఆడిన ఫిషర్ గ్రున్‌ఫెల్డ్ రక్షణను అవలంబించెను. నడిమి గడులను తెల్లబంట్లకు విడిచి, గుర్రములతోను శకటుతోను ఆ బంట్లనే పీడించుట దాని మర్మము. బొట్విన్నిక్ ఆ దారిని ఇంటియొద్దనే శోధించి వచ్చెను. కాని ఆ శోధనకందని ఎత్తొకటి ఫిషర్‌కు కనబడినది: పదునేడవ ఎత్తున నల్లమంత్రి వచ్చి ఎఫ్4 గడిలోని బంటును చంపెను! తెల్లశకటు ఆ మంత్రిని చంపవచ్చును; అయితే తన మంత్రికి కాపున్నది ఆ శకటే గనుక, అది కదలినంతనే నల్లగుర్రము తెల్లమంత్రిని హరించును. అట్లే జరిగి, మంత్రులు రెండును పోగా, ఫిషర్‌కు ఒక బంటు లాభించెను.

శిష్యుడు: అట్లయిన గెలువవలసినవాడు ఫిషరే గదా! డ్రా అతనికి అన్యాయము కాదా?

ఆచార్యుడు: లాభము కలిగినంతమాత్రమున గెలుపు హక్కు కాజాలదు. ఆట వాయిదాపడిన రాత్రి సోవియట్ బృందమందలి గెల్లర్ ఏనుగుల అంత్యక్రీడలో ఒక శరణ్యమును కనిపెట్టగా, బొట్విన్నిక్ దాని నాశ్రయించి నిలిచెను. మొదటి ఎత్తునకు ముందున్న సమత ఎవరును శ్రమింపక పొందినది; తుదిసమత యన్ననో, ఒకరు పొరబడి, మరొకరు ఆ పొరపాటును పట్టి, పడినవాడు మరల లేచి, ఇరువురును తమ శక్తినంతను వెచ్చించి సాధించినది. ఈ రెంటిని ఒకటిగా నెంచుటకు నా మనసొప్పదు.

శిష్యుడు: పరుల మేధతో నిలిచినదానిని సొంతమనవచ్చునా?

ఆచార్యుడు: ఆనాటి నియమము దానిని కాదనలేదు, అయినను నీ సందేహము నాకును పూర్తిగా తీరినది కాదు. ఫిషర్ మాత్రము తన స్మరణీయములైన 60 ఆటలను 1969లో గ్రంథముగా వెలువరించినపుడు, ఈ డ్రాను అందు చేర్చి, గెలుపు తనకు సాధ్యమేనని వాదించుచునే, బొట్విన్నిక్ వ్యాఖ్యలకును చోటిచ్చెను. ఆ వాదము అంతటితో ఆగలేదు. బొట్విన్నిక్ పాఠశాలలో చేరిన బాలుడు కాస్పరోవ్ సైతము ఆ అంత్యక్రీడను శోధించెను.

శిష్యుడు: నా మనస్సింకను ఫిషర్ పక్షముననే యున్నదండీ.

ఆచార్యుడు: మంచిది, బల్ల పరచుము, నల్లపావులు నీవే తీసికొనుము.