కూలి చెల్లితే కళ సొంతమా?

"డబ్బిచ్చాం, వస్తువు మాది, మా ఇష్టం" అన్నది వ్యాపారనీతి. ప్రజలకోసం చేయించే చిత్రానికీ శిల్పానికీ ఈ నీతి వర్తిస్తుందా?

1933లో డియెగో రివేరా న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సెంటర్ గోడమీద లెనిన్ బొమ్మ వేశాడు. నెల్సన్ రాక్‌ఫెల్లర్ తీసెయ్యమన్నాడు, రివేరా ఒప్పుకోలేదు. అతనికి పూర్తి ప్రతిఫలం ఇచ్చి పంపించేశారు. 1934 ఫిబ్రవరిలో చిత్రాన్ని పగలగొట్టించారు. పెట్టుబడిదారు దమ్మిడీ బాకీ లేడు. అయినా అన్యాయం జరిగింది.

ప్రజాప్రభుత్వమైతే ఇలా చెయ్యదని కొందరనవచ్చు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ 1957లో భారతప్రభుత్వం కోరగా మొదలుపెట్టి, 1962 నాటికి ఢిల్లీ విజ్ఞానభవన్‌కు పెద్ద కంచు కుడ్యశిల్పం చేశాడు. 1979లో మరమ్మతుల పేరిట, ఆయనతో ఒక్కమాటైనా చెప్పకుండా, దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. కొన్ని భాగాలు పోయాయి. 1992లో ఆయన కోర్టుకెక్కితే ప్రభుత్వం వినిపించినదీ ఆ వ్యాపారనీతే: కొన్నాం, మాది! మిగిలిన శిల్పాన్ని ఆయనకిచ్చి, 5 లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. శిల్పికి ఆలస్యంగానైనా న్యాయం దక్కింది. ప్రజలకు శిల్పం దక్కలేదు.

ప్రజాకళలో ఇద్దరు కాదు, ముగ్గురున్నారు: చేసినవాడు, చేయించినవాడు, చూసే ప్రజలు. ఖర్చుపెట్టిన ప్రభుత్వం ధర్మకర్తే గాని యజమాని కాదు. అలాగని ప్రతి విగ్రహమూ శాశ్వతంగా ఉండి తీరాలనటం లేదు. తొలగించవలసివస్తే కళాకారుడికి ముందుగా తెలియజేసి, ప్రజల ఎదుట చర్చించి తొలగించాలి. గుమాస్తా ఫైలులో తేలవలసిన విషయం కాదిది.

కాపీరైటు చట్టం 57వ సెక్షను కళాకారుడి గౌరవాన్ని కాపాడుతుంది. ఐతే కృతిని ప్రదర్శించకుండా ఉంచటం ఉల్లంఘన కాదని 1994 సవరణ అంటుంది. ఈ సందును ఒప్పందమే పూడ్చాలి. పోటీకి పిలిచి నమూనాలు అడిగితే ఆ నమూనాలకూ ప్రతిఫలం ఇవ్వాలి. వంతెనకు పిలిచినట్టు తక్కువ పాటకు పని అప్పగించరాదు. రాళ్లు చెక్కినవారికీ పోతపోసినవారికీ కూలి వేరుగా ముట్టాలి, వారి పేర్లు ఫలకంమీద ఉండాలి. సంరక్షణ ఎవరి బాధ్యతో మొదటే రాసుకోవాలి.

ప్రభుత్వాన్ని అడిగేముందు మనల్ని మనం అడుగుదాం. అమరవీరుల స్థూపం కట్టించేటప్పుడు "ఉద్యమంకోసమే గదా" అని శిల్పికి సగం డబ్బు ఎగవేస్తే, శ్రమకు విలువ కట్టమని ఇతరులను అడిగే హక్కు మనకు ఉంటుందా?