ఏమీ పోనివాళ్లు

తుఫాను వెలిసి ఎండ పొడ కనపడగానే మా చిట్టమూరు వైపు ఊళ్లలోకి కాగితాలొస్తాయి. (2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. వాన మాత్రం నెల్లూరు వానే.) ఎన్ని ఎకరాలు మునిగాయి, ఏ గోడ కూలింది, ఏ గొడ్డు చచ్చింది అని రాసుకుంటారు. కాలవ కట్ట మీది యానాది గిరిజనుల గుడిసెల దగ్గరికొచ్చేసరికి కలం ఆగుతుంది. తాటాకు సగం లేచిపోయింది, పైన కప్పిన పట్ట చింకులైంది, చేపలు పట్టే ఊతలు నీళ్లలో కొట్టుకుపోయాయి. "మాకేం పోయిందని రాసుకుంటార్లే సామీ" అంది ఒక ముసలామె, తడిసిన బియ్యాన్ని చేటలో ఆరబోస్తూ. అందులో నిష్ఠూరం లేదు. మామూలుగానే అంది.

సాయం అందలేదని కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు శిబిరాల నుంచి ఇళ్లకు వెళ్లే కుటుంబానికి 2,500 రూపాయలు, ఒంటరి మనిషికి వెయ్యి ప్రకటించారు. 25 కిలోల బియ్యమూ అన్నారు. పొయ్యి తడిసినవాళ్లకు ఆ బియ్యం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను తొలిచేది ఆ తర్వాతి లెక్క. నష్టాన్ని ఆస్తితో కొలుస్తాం. పొలం మునిగినాయనకు ఎకరాకింత అని వస్తుంది. రొయ్యల గుంట కాడ కాపలా ఉండేవాడి జీతం ఆగిపోతే, పులికాట్ సరస్సులో వేట లేక పస్తుంటే, రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. ఏమీ లేనివాడికి ఏమీ పోలేదని తేలుతుంది.

ప్రాణాలు కాపాడటం మనకు బాగానే వచ్చింది. 1977లో దివిసీమ తుఫానులో దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే తుఫానూ తక్కువదేం కాదు, అయినా లక్షల మందిని ముందే తరలించడంతో మృతులు వెయ్యి లోపే. ఇప్పుడైతే తుఫానును ఆకాశంలోంచే కనిపెడుతున్నారు. వాతావరణాన్ని చూసే ఉపగ్రహాలు ఇన్‌శాట్-3డీఆర్ 2016లో, 3డీఎస్ 2024లో లేచింది పక్కనున్న శ్రీహరికోట నుంచే. రాకెట్ లేస్తే మా మిద్దెల మీది నుంచి నిప్పుగీత కనపడుతుంది. ఆ దీవిని రాకెట్ కేంద్రానికి తీసుకున్నప్పుడు ఖాళీ చేసి వచ్చినవాళ్లలో యానాది కుటుంబాలూ ఉన్నాయి. ఇవాళ హెచ్చరిక అందుకొని కట్ట దిగి బడిలోని శిబిరానికి పోయేదీ, రెండు రాత్రులుండి మళ్లీ ఆ కట్టకే వచ్చేదీ యానాదులే.

బియ్యం ఇచ్చినంత సులువుగా మెరకన మూడు సెంట్లు ఎందుకు ఇవ్వలేకపోతున్నాం? బియ్యం పంచితే ఫొటోతో పని అయిపోతుంది. మెరక స్థలమంటే ఎవరిదో ఒకరి కంచె తగులుతుంది. చందాలేసుకుని పులిహోర పొట్లాలు కట్టించే పెద్దమనుషులే, ఊరి పక్కన యానాదులకు జాగా అనేసరికి అది గుడి దారి అంటారు, పశువుల బీడు అంటారు. దయ ఉన్నవాళ్లే, ఆ మాట కాదనలేను. ఆ దయ కంచె దాకా వచ్చి ఆగుతుంది.

ఇంకో సంగతి ఏ నివేదికలోనూ ఎక్కదు. చెరువుకు గండి పడితే ఇసుక బస్తాలు వేయడానికి ముందు కబురు పోయేది ఆ గుడిసెలకే. ఇంట్లో పాము దూరినా వాళ్లకే. గండి పూడితే కింద ఆయకట్టు దక్కుతుంది. దక్కనిచోట రైతుకు పరిహారం వస్తుంది. బస్తాలు మోసినవాళ్లకు ఆ పూట కూలి ఇస్తారు, అదీ అడిగితే.