రెండో బిడ్డ వచ్చిన ఇంట్లో



రెండో కానుపైన తల్లి కళ్ళు తుడుచుకుంటుంటే మనవాళ్ళు వెంటనే ఒక మాట అంటారు: "పండంటి బిడ్డనిచ్చాడు దేవుడు, ఇంకా ఏడుపెందుకమ్మా?" దానితో ఆమె నోరు మూతపడుతుంది. ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవాలేమోనని కుమిలిపోయే తల్లులూ ఉన్నారు.

తాను దివిసీమలోని పుట్టింట్లో ఉంటే, మూడేళ్ళ పెద్దవాడు గుడివాడలో నాయనమ్మ దగ్గర ఉండిపోయాడు. నిన్నటిదాకా తన పక్కలోనే పడుకున్నవాడు. చూడటానికి తీసుకొస్తే, మంచం ఎక్కబోయిన వాణ్ణి "బాలింతరాలురా, తాకకు" అంటూ ఎవరో లాగేస్తారు. బందరు నుంచి వచ్చిన చుట్టాలేమో "ఇక మీ అమ్మ నీది కాదురా, తమ్ముడిది" అని వేళాకోళమాడతారు. ఈ పాడు పరిహాసం మన ఇళ్ళలో ఎప్పుడు మానుకుంటామో! వాడు బిక్కమొహం వేస్తాడు. తల్లి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అమ్మా, ఈ దుఃఖం పాపం కాదు. పెద్దబిడ్డ కోసం మీ మనసు కొట్టుకోవడం చిన్నబిడ్డకు అన్యాయం చేయడం కాదు. చిన్నవాడిపై ప్రేమ మొదటిరోజే పొంగి రాకపోయినా మీరు చెడ్డతల్లి కారు.

పరిశుద్ధ గ్రంథం ఇంటిగుట్టు దాచదు. ఈసాకుకు ఏసావు, రిబ్కాకు యాకోబు ఎక్కువ ఇష్టులని ఆదికాండము 25వ అధ్యాయం చెబుతుంది. ఆ అన్నదమ్ములు ఎంత దూరమయ్యారో మనకు తెలుసు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తండ్రి వేరు. చిన్నకొడుకు కోసం ఇంట్లో విందు జరుగుతుండగానే, అలిగి బయట నిలిచిపోయిన పెద్దకొడుకు దగ్గరకు తానే లేచి వెళ్ళాడు. విందు ఆపలేదు, పెద్దవాణ్ణి కసరనూ లేదు.

భర్తలారా, అత్తగారూ, అమ్మమ్మగారూ! రోజూ ఒక అరగంట చిన్నబిడ్డను మీరెత్తుకోండి, ఆ అరగంట పెద్దబిడ్డకు తల్లిని ఇవ్వండి. మనం చేసేది దీనికి తలకిందులు, పెద్దవాణ్ణే బయటికి తీసుకుపోతాం. బిడ్డను చూడవచ్చే విచారణ సోదరీమణులు తెచ్చిన బిస్కెట్ల పొట్లం ముందు పెద్దవాడి చేతిలో పెట్టండి.

మరొక సంగతి. కానుపైన కొద్దిరోజులకు వచ్చే దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. అంతకు మించి సాగినా, బిడ్డను చూడబుద్ధి కాకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా అది జబ్బు. గాలి సోకిందంటూ తాయెత్తులు కట్టవద్దు. ప్రార్థన చేయండి, ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్ళండి.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళకు కొత్తబిడ్డతో మ్రొక్కు చెల్లించ వెళతారు గదా! కొండెక్కేటప్పుడు పసిబిడ్డను నాన్నకిచ్చి, పెద్దవాడి చేయి అమ్మను పట్టుకోనివ్వండి.