చీటీ వేసి వైద్యమా?

నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు ఏ వైద్యం చెయ్యాలో చీటీ వేసి తేల్చడం ధర్మమేనా? పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేస్తూ, పరిశోధన కూడా చేస్తానని చెప్పగానే ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లో నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. పరిశోధన అంటే ఎలుకలూ కుందేళ్ళూ గుర్తుకు రావాలి గాని, కిలో బరువైనా లేని మనిషి బిడ్డ గుర్తుకు రావడం ఎవరికి ఇష్టం? నాకూ కాదు. అయినా చీటీ వేయడమే ధర్మమయ్యే సందర్భాలున్నాయని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఆక్సిజన్ కథ చెప్పుకోవాలి.

1940లలో అమెరికాలో ఒక వింత జబ్బు బయలుదేరింది. నెలలు నిండని పిల్లలు బతికి బట్టకట్టినట్టే ఉండి, కొన్ని వారాలకు చూపు పోగొట్టుకునేవారు. బోస్టన్‌లో టెర్రీ అనే కంటి వైద్యుడు 1942లో దీన్ని మొదట వర్ణించాడు. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది కూడా ఇలాగే. విచిత్రమేమంటే, మంచి ఇంక్యుబేటర్లున్న పెద్ద ఆసుపత్రుల్లోనే ఈ జబ్బు ఎక్కువ.

అప్పుడు న్యూయార్క్ బేబీస్ హాస్పిటల్‌లో విలియం సిల్వర్‌మన్ అనే యువ వైద్యుడున్నాడు. 1949లో ఒక ప్రొఫెసరుగారి పాప, తల్లికి ఆరు గర్భస్రావాల తర్వాత పుట్టిన పిల్ల, ఈ జబ్బులో పడింది. కొత్తగా వచ్చిన ఏసీటీహెచ్ హార్మోను ఇచ్చి చూశారు. చూపు నిలిచింది! తర్వాత 31 మంది పిల్లలకు ఇస్తే 25 మందికి చూపు బాగుంది. మందు ఇవ్వని మరో ఆసుపత్రిలో ఏడుగురిలో ఆరుగురు గుడ్డివాళ్ళయ్యారు. ఇంకేం కావాలి? మనలో ఎవరైనా ఆ మందే ఇమ్మంటాం. సిల్వర్‌మన్‌కు మాత్రం అనుమానం తీరలేదు. ఎవరికి మందు, ఎవరికి కాదు అన్నది లాటరీకి వదిలి లెక్క చూశారు. మందు తీసుకున్న వాళ్ళలో మూడో వంతు గుడ్డివాళ్ళయ్యారు, తీసుకోని వాళ్ళలో అయిదో వంతే. పైగా మందు తీసుకున్న వాళ్ళలో చావులు ఎక్కువ. జబ్బు మొదలైన పిల్లల్లో చాలామందికి దానంతటదే నయమవుతుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత సిల్వర్‌మన్ 2004లో పోయేదాకా పసిపిల్లల వైద్యుల నమ్మకాలను ప్రశ్నిస్తూనే ఉన్నాడు.

అసలు దోషి ఆక్సిజనేమోనని వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో ఆర్నాల్ పాట్జ్ అనుమానించాడు. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ ఇచ్చి పోల్చడం మొదలుపెట్టాడు. అక్కడి నర్సులు కొందరు, డాక్టరు పిల్లల్ని చంపేస్తున్నాడని భయపడి, రాత్రిపూట తక్కువ ఆక్సిజన్ పిల్లలకు రహస్యంగా మీట తిప్పేవారట. ఆ నర్సుల మీద నాకు కోపం రాదు. రాత్రి రెండు గంటలకు నీలిరంగు తిరిగిన బిడ్డ పక్కన నిలబడ్డ వాళ్ళకే ఆ చెయ్యి ఎందుకు కదులుతుందో తెలుస్తుంది. కాని ఆ దయ చూపు పోగొట్టే దయ. అది అప్పుడు ఎవరూ ఎరుగరు.

1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పెద్ద ఎత్తున పరీక్షించాయి. ఆక్సిజన్ ధారాళంగా ఇవ్వడమే కారణమని తేలింది. ఇక్కడితో కథ కంచికి వెళితే బాగుండేది. ఆ పరీక్షలోకి పిల్లల్ని పుట్టిన 48 గంటల తర్వాతే తీసుకున్నారు. మొదటి రెండు రోజుల్లో పోయిన వాళ్ళు లెక్కలోకి రాలేదు. తర్వాత అందరికీ ఆక్సిజన్ బిగించేశారు, ఆ బిగింపును మాత్రం ఎవరూ పరీక్షించలేదు. 1973లో ఇంగ్లండులో క్రాస్ అనే శాస్త్రజ్ఞుడు అంచనా కట్టాడు: ఒక బిడ్డ చూపు కాపాడినందుకు సుమారు 16 మంది పిల్లల ప్రాణాలు మూల్యమై ఉండవచ్చునని.

చూశారా, చీటీ వేయకపోతే ప్రయోగం జరగదని కాదు. ప్రయోగం జరుగుతూనే ఉంటుంది, లెక్క రాసేవాడుండడు, అంతే.

పరాయి లెక్కతో మన పని జరగదన్నది మరో సంగతి. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన సుభద్రా జలాలీ, సహచరులు 1990ల చివరి నుంచి జంటనగరాల నర్సరీలకు వెళ్ళి పిల్లల కళ్ళు పరీక్షించారు. పాశ్చాత్య దేశాల బరువు కొలతలు పట్టుకుంటే మన పిల్లల్లో కొందరు జారిపోతారని తేల్చారు. మన దగ్గర పెద్ద పిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. అందుకే ఇప్పుడు భారతదేశంలో రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోగా కంటి పరీక్ష జరగాలంటారు. ఇది చదివే వాళ్ళ ఇళ్ళలో అటువంటి బిడ్డ ఉంటే ఊళ్ళో వాళ్ళకు ఫోను చేసి అడగండి.

ఇక చీటీకి రెండో వైపు. 2010లో అమెరికాలో సపోర్ట్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 24 నుంచి 27 వారాలకే పుట్టిన 1316 మంది పిల్లలు. రక్తంలో ఆక్సిజన్ కొందరికి 85–89 శాతం, కొందరికి 91–95 శాతం ఉండేట్టు చూశారు. తక్కువ వాళ్ళలో కంటి జబ్బు సగానికి తగ్గింది, మరణాలు మాత్రం 16.2 నుంచి 19.9 శాతానికి పెరిగాయి. ఎంత విలువైన జ్ఞానం! కాని తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితాల్లో ఈ ప్రమాదాలు సరిగా చెప్పలేదని 2013లో అమెరికా ప్రభుత్వ కార్యాలయమే తప్పుపట్టింది. పెద్ద గొడవయింది. పరీక్ష చేయడం సబబే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. తల్లికి చెప్పవలసింది చెప్పకపోవడం సబబని మాత్రం ఒప్పుకోలేను. "రెండూ మంచి వైద్యాలే" అనడం వేరు, "ఏది మంచిదో మాకు తెలియదు, ఒకదానిలో ప్రాణభయం ఎక్కువ కావచ్చు" అనడం వేరు.

ఈ చిన్న బహ్రెయిన్‌లో నన్ను వేధించేది ఈ రెండో వాక్యమే. కాగితం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. సంతకం పెట్టవలసిన తల్లి కడప నుంచో కోనసీమ నుంచో ఇళ్ళలో పనికి వచ్చిన మనిషి కావచ్చు. ఆమెకు నేను ఇచ్చేది మందో, పరీక్షో తెలియకపోతే అది అనుమతి కాదు, వేలిముద్ర. అందుకే తెలుగులో, పొడి మాటల్లో చెబుతాను: "అమ్మా, రెండు దారులున్నాయి. ఏది మేలో నాకు తెలియదు. చీటీ వేస్తాం. వద్దంటే వద్దు, నీ బిడ్డకు వైద్యం ఏమీ తగ్గదు." కొందరు ఒప్పుకుంటారు. కొందరు తల అడ్డంగా ఊపుతారు. ఒకరిద్దరు మాత్రం, "నీ బిడ్డయితే ఏం చేస్తావు డాక్టరు బాబూ?" అని అడుగుతారు. చీటీయే వేయిస్తానని చెబుతాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు, నమ్మని వాళ్ళూ ఉన్నారు.