వస్తువునకు స్వామి యెవరు?

పాత మేజాబల్లకు వెలగట్టువారు అది యెవరెవరి యిండ్ల నుండి వచ్చెనో విచారింతురు. దానిని చేసిన వడ్రంగి పేరడుగువా రరుదు. వెలయిచ్చి కొన్నవాడే స్వామి కాడా యందురేని, వినుడు. మూడవ సాలార్‌జంగగు మీర్ యూసుఫ్ అలీఖాను దేశదేశముల సామానులను సేకరించి, 1949లో అవివాహితుడుగనే గతించెను. అవి 1951లో హైదరాబాదున ప్రదర్శనశాలయందు ప్రజలకు గనబడెను. 1961లో పార్లమెంటు శాసనముచే ఆ శాల జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. కొన్నవాడు పోయెను, కొయ్య నిలిచెను.

కల్హేరునందలి పేదగృహస్థుని తాతనాటి పెట్టెకును నీతి యిదియే. యజమానులు మారినను దానియందు మారక నిలుచునది చేసినవాని శ్రమ యొక్కటియే. కావున మనము స్వాములము గాము, కావలివారము. పెట్టెను బిడ్డల కప్పగించునపుడు తాత పేరుతోపాటు వడ్రంగి పేరును జెప్పుట ధర్మము. తెలియనిచో, ఇన్నాళ్లు అడుగనందుకు సిగ్గుపడుటయైన ధర్మము.