బాగానే ఉన్నాడమ్మా

2008లో నేను బహ్రెయిన్ వచ్చిన కొత్తలో, గుదేబియాలో ఒక ఫ్లాట్‌లో నలుగురు తెలుగువాళ్ళం కలిసి ఉండేవాళ్ళం. అందులో ఒకతనిది జగిత్యాల వైపు. స్టోర్‌కీపర్. మంచి మనిషి, వంట బాగా చేసేవాడు. గురువారం సాయంత్రం మొదలుపెడితే శనివారం దాకా తాగేవాడు. రానురాను అతనికి అన్ని రోజులూ గురువారాలే అయ్యాయి.

గల్ఫ్ అంటే మందు దొరకని చోటని మన ఊళ్ళలో ఒక నమ్మకం. కువైట్‌లో నిషేధం ఉంది గానీ, బహ్రెయిన్‌లో హోటళ్ళలో, లైసెన్సు ఉన్న దుకాణాల్లో దొరుకుతుంది. అతని భార్యకు ఆ సంగతి తెలియదు. డబ్బు రావడం తగ్గినప్పుడల్లా నాకు ఫోన్ చేసేది.

“అన్నా, మా ఆయన మంచిగున్నడా? నిజం చెప్పన్నా.”

“బాగానే ఉన్నాడమ్మా. కంపెనీలో జీతాలు లేటు, అంతే.”

రెండేళ్ళు అదే అబద్ధం చెప్పాను. అది దయ అనుకున్నాను. ఆ రెండేళ్ళలో ఆమె వడ్డీకి అప్పులు తెచ్చింది, పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. అతని ఉద్యోగం పోయి ఇంటికి చేరాక గానీ అసలు సంగతి తెలియలేదు. తర్వాత కలిసినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. “అప్పుడే చెప్తే ఏడ్చేదాన్నన్నా, గని అప్పులు చేయకపోదును” అంది.

స్నేహితుడి గుట్టు కాపాడటం ధర్మమే కదా, మరి నేను చేసిన తప్పేమిటి? చాలాకాలం ఆలోచించాను.

తాగుడు జబ్బు అని అందరం అంటాం. అది నిజమే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణుకుతూ, మతి తప్పి ఎంతమంది వచ్చారో చూశాం. బాగా అలవాటుపడ్డవాడు డాక్టరు సాయం లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ప్రమాదం. ఇది ఒట్లతో తీరేది కాదు. అయితే రూమ్మేటుకి గుండెనొప్పి వస్తే వెంటనే ఇంటికి ఫోన్ చేస్తాం, దీన్ని మాత్రం దాస్తాం. నోటితో జబ్బు అంటూనే మనసులో దాన్ని పరువు తక్కువగా లెక్కేస్తున్నామన్నమాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని మాట్లాడుకునేదాకా, ఎవరి కష్టం వాళ్ళ తలరాతే అనుకున్నారు. అందరి ఇళ్ళలోనూ అదే కథ అని తెలిశాక సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. చట్టం వచ్చింది, పోయింది. ఇంటి బాధ బయట చెప్పుకోవడం సిగ్గుచేటు కాదని వాళ్ళు నేర్పింది మాత్రం పోలేదు.

ఊరంతా చాటమని నేననను. అది ఉద్యోగాలు పోగొడుతుంది, మనిషిని ఇంకా ముంచుతుంది. కానీ ఆ తాగుడికి ఎవరి బతుకు ఖర్చవుతోందో, వాళ్ళకు తెలుసుకునే హక్కుంది. ఆమె అడిగింది తన బతుకు గురించే. నేను దాచింది అతని గుట్టు కాదు, ఆమె లెక్క.

అతను చికిత్స తీసుకున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్ళాడు. మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఇంటికి ఆలస్యంగా వస్తే ఆమె ఇప్పటికీ దగ్గరకొచ్చి వాసన చూస్తుందట. “ఇన్నేళ్ళయినా నమ్మదన్నా” అని బాధపడ్డాడు. తాగినవాడు కోలుకున్నంత మాత్రాన ఇల్లు కోలుకున్నట్టు కాదు. కుటుంబాల కోసం 1951లో అమెరికాలో అల్-అనాన్ అని వేరే సంఘమే పెట్టుకోవాల్సి వచ్చింది. ఆమె అపనమ్మకంలో నా రెండేళ్ళ అబద్ధానికీ వాటా ఉంది. ఆ మాట అతనికి చెప్పాను.

ఈమధ్య ఇక్కడే ఒక కుర్రాడు అదే దారిలో పడ్డాడు. “డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. మీ అమ్మగారు అడిగితే మాత్రం అబద్ధం చెప్పను” అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. వాళ్ళమ్మ నుంచి ఫోన్ ఇంకా రాలేదు. వస్తే ఏం చెప్పాలో ఈసారి నాకు తెలుసు.