తూము తెరచిన చేనికే నీరు

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. గోదావరి అచట నిండుగ నిలిచినను, కోనసీమలోని చేను దానంతట అది తడువదు. పెద్దకాలువనుండి పిల్లకాలువకును, అందుండి పంటబోదెకును నీరు సాగవలెను. తుదకు రైతు తన గట్టున తూము తెరువవలెను. ధర్మము వ్యాపించు తీరును ఇట్టిదే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు కులభేదమును నిరసించి, కాయకమును, దాసోహమును బోధించెను. ఆయన మంత్రియే, అయినను ఆ బోధను మోసినది రాజాజ్ఞ కాదు. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య వంటి కాయకజీవులు మోసిరి. ఊరూర సంచరించు జంగములు దూరదేశములకు చేర్చిరి. దాక్షారామమున జన్మించిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింపగోరి పయనమై, మార్గమధ్యముననే ఆయన లింగైక్యవార్త వినెనని పాల్కురికి సోమనాథుడు చెప్పెను. వారిరువురు కలిసికొనలేదు. అయినను బసవభక్తి పండితుని హృదయమును అంతకుముందే చేరియుండెను.

ఇటీవలి చరిత్రయు ఈ సత్యమునే చాటుచున్నది. వితంతువుల పునర్వివాహమునకు 1856లోనే చట్టము సమ్మతించెను. కాని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ 25 సంవత్సరములు చట్టమున్నది. తూము తెరచు చేయి లేదు. వివాహము నిశ్చయమైనంతనే బహిష్కారము వచ్చెను. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వంట చేసెను. విద్యార్థులు కావలిగ నిలిచిరి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయము చేసెను.

ఇందు గ్రహింపదగినదొకటి కలదు. ఇరుగుపొరుగు, బంధుత్వము, పంక్తిభోజనము అను బోదెలలోనే భయమును ప్రవహించును, ధైర్యమును ప్రవహించును. బహిష్కారమును మోసినవారును సామాన్యులే. దానిని దాటించినవారును సామాన్యులే. ఏది సాగవలెనో నిర్ణయించునది ప్రతి గృహద్వారమున నున్న తూము.

కంఠమున ఇష్టలింగము ధరించినవారికి ఈ బాధ్యత మరింత గురుతరము. న్యాయమైన కార్యము చేసినందులకు ఒక కుటుంబమును ఊరు వెలివేసిననాడు, ఆ యింటికి తొలి కడవ నీరు ఎవరు కొనిపోదురు? ఆ కడవ మోయుటయే కాయకము, ఆ పంక్తిని కూర్చుండుటయే దాసోహము. జంగమమనగా చరించునది. శరణుని గడపకడ నిలిచిపోయిన ధర్మము జంగమము కానేరదు.